నలభై చుట్ల పెళ్లిమాట

"మీ డిస్కు నా డిస్కుని నోరెత్తనివ్వడం లేదండీ!"

ఆఫీసులో ఆ ఇంజనీరు ఆమెతో అన్న మొదటి మాట అది. ఇద్దరి కంప్యూటర్ డిస్కులకీ, వాటి సమాచారం అందుకునే కంట్రోలరు దాకా ఉన్న దారి ఒక్కటే. రెండూ ఒకే వేగంతో గిర్రున తిరుగుతూ, ఒకే క్షణంలో పంపడానికి సిద్ధమవుతాయి. ఆమెది ముందు దూరిపోతుంది. అతనిది ఇంకో చుట్టు తిరిగొచ్చేసరికి మళ్లీ ఆమెదే అడ్డం.

"అయితే మీ టైమింగ్ అర చుట్టు జరపండి. దానికింత గొడవెందుకు?" అంది ఆమె, తల కూడా ఎత్తకుండా.

జరిపాడు. డిస్కులు కుదుటపడ్డాయి కానీ మనిషి కుదుటపడలేదు. ఆరు నెలలు ఏదో ఒక వంకతో ఆమె టేబుల్ దగ్గరే తేలాడు. ఆమె కూడా అతని కోసం ఒక కుర్చీ అట్టే పెట్టింది.

చిక్కల్లా ఆమె నాన్నతోనే. డాక్టరు రోజూ డాబా మీద నలభై చుట్లు, ఆగకుండా, నడవమన్నాడట. ఆయన నిజంగానే ఆగడు.

"నడక అవగానే వేరే సంబంధం వాళ్లకి సరేనని ఫోన్ చేసేస్తారు. ఈలోపే అడుగు!" అని ఆమె అతన్ని తమ ఇంటి డాబా మెట్లెక్కించింది.

పైన తలుపు పక్కన కుర్చీలో బామ్మ ఉంది. నాన్న నడుస్తూ ఆ తలుపు దాకా వచ్చాడు.

"అంకుల్, నేను..."

"ఒరేయ్, మోటారు ఆపావా?" అంది బామ్మ కొడుకుతో.

"ఆపానమ్మా!" అంటూ ఆయన సాగిపోయాడు.

ముప్పై నాలుగు చుట్లు ఇదే వరస: ఇతను నోరు తెరవడం, బామ్మ మళ్లీ అదే అడగడం. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

"అర చుట్టు జరుగు, మొద్దూ!" కింద నుంచి ఆమె అరిచింది.

అతను నెత్తి కొట్టుకుని అవతలి మూలకి, నీళ్ల ట్యాంకు కిందకి పరిగెత్తాడు.

"మీ అమ్మాయిని పెళ్లి చేసుకుంటానండీ!"

ఆయన ఆగలేదు. ట్యాంకు పొంగి నీళ్లు మాత్రం అతని నెత్తిన పడ్డాయి.

తర్వాతి చుట్టులో ఆయన, "ఏం పని చేస్తావు?"

ఆ తర్వాతి చుట్టులో అతను, "డిస్కులు ఒకదానికొకటి అడ్డం రాకుండా చూస్తానండీ."

ముప్పై ఎనిమిదో చుట్టులో ఆయనకి విసుగొచ్చింది. "చుట్టుకో ముక్క ఏంటయ్యా, తడుస్తూ? నాతో పాటు నడవొచ్చు కదా!"

అంత చదువుకున్నవాడికి ఆ ఆలోచనే రాలేదు. పక్కన చేరి, నీళ్లోడుతూ నడిచాడు. "తను రాని రోజు నాకు ఆఫీసులో ఊపిరాడదండీ" అన్నాడు. ఆయన నడక నెమ్మదించింది.

నలభయ్యో చుట్టు తలుపు దగ్గర ముగిసింది.

"ఒరేయ్, మోటారు ఆపావా?"

ఆయన అతన్ని తల నుంచి కాళ్ల దాకా చూశాడు. నాలిక కరుచుకుని అతనితో ఏదో అన్నాడు. అతను ఒక్క ఉదుటున మెట్లు దిగాడు.

కింద స్విచ్చు పక్కనే నిలబడి ఉంది ఆమె. "ఏమన్నారు?"

"మోటారు ఆపమన్నారు."

ఆమె మొహం చిన్నబోయింది. "అంతేనా? ఇంకేం అనలేదా?"

"అన్నారు. 'అల్లుడూ, కాస్త కిందికెళ్లి ఆపిరా' అన్నారు."

ఆ తర్వాత చాలాసేపు ట్యాంకు పొంగుతూనే ఉంది.