ఎండన్న, వానక్క, ఒక ఖాళీ గడి

మధ్యాహ్నం గంట కొట్టగానే ఆరో తరగతి పిల్లలు టిఫిన్ బాక్సులు పట్టుకుని వరండాలోకి ఒకటే పరుగు. చరిత గీసిన కొత్త బొమ్మల కథ అప్పుడే గోడకు అంటించారు మరి! అన్నం సంగతి తర్వాత, ముందు కథ సంగతి చూడాలి.

సూర్యాపేటలోని ఆ బడిలో గోడ మీది కథ ఒక్కటే. రాసేవాళ్ళు మాత్రం చాలామంది. కథలో ఇద్దరు సూపర్ హీరోలు. ఒకడు ఎండన్న. చెయ్యి చాపాడంటే ఎదురుగా ఏదున్నా భగ్గుమనాల్సిందే. అతన్ని పుట్టించింది శశిధర్. రెండోది వానక్క. ఆమె జడ విదిలిస్తే కుండపోత వాన. ఆమెను పుట్టించింది చరిత. చీటీల్లో వంతు వచ్చినవాళ్ళు ఇద్దరినీ తమ కథలో వాడుకోవచ్చు. సుమిత్ర టీచర్ ఒకే ఒక్క నియమం పెట్టారు. అంటించిన పేజీని పీకకూడదు. తర్వాత రాసేవాళ్ళు అక్కడి నుంచే కథ నడపాలి.

దాంతో భలే తమాషాగా ఉండేది. మహేష్ రాస్తే, ఎండన్నా వానక్కా పక్కపక్కన నిలబడగానే ఇద్దరి పవర్లూ తుస్సుమనేవి. మనీషా రాస్తే, ఇద్దరూ చేతులు కలపగానే ఇంద్రధనుస్సు వచ్చేది. దాని మీద జారుకుంటూ వెళ్ళి దొంగల్ని పట్టుకునేవాళ్ళు. ఎవరి కథ వాళ్ళది!

ఈసారి చరిత కథలో ఎండన్నకు తన వేడి తనకే ఎక్కువైపోయింది. ఒళ్ళంతా మంటలు. అప్పుడు వానక్క వచ్చి, జడ విదిలించి, అతన్ని నిలువునా తడిపేసింది. "హమ్మయ్య! బతికించావక్కా!" అన్నాడు ఎండన్న.

"ఏంరా శశీ, మీ ఎండన్న సల్లవడ్డడు గదా!" అన్నాడు మహేష్. అందరూ గొల్లున నవ్వారు.

కోపం వస్తే శశిధర్‌కు ముందు ముక్కు ఎర్రబడుతుంది. ఇప్పుడు చెవులు కూడా ఎర్రబడ్డాయి.

"నా హీరోను గిట్లెట్ల గీస్తవ్?" అని చరితను నిలదీశాడు.

"కాపాడిందే కదా! ఓడించలేదుగా," అంది చరిత.

"ఎండన్నకు ఎవ్వల సాయం అక్కర్లేదు!"

చరిత ఈ జూన్‌లోనే కోదాడ నుంచి వచ్చి బడిలో చేరింది. కొత్తలో ఒక్కతే ఓ మూల కూర్చుని అన్నం తినేది. వానక్క గోడ ఎక్కిన తర్వాతే పిల్లలు ఆమె చుట్టూ చేరారు. కోపంలో ఉన్న శశిధర్‌కు అవన్నీ గుర్తొస్తేగా!

తర్వాతి వంతు అతనిదే. ఇంటికి వెళ్ళగానే గీయడం మొదలుపెట్టాడు. ఎండన్న రెండు చేతులూ చాపాడు. వానక్క ఎండిపోతూ, ఎండిపోతూ, చివరికి చుక్క కూడా మిగలకుండా పోయింది. చివరి గడిలో పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు, 'వానక్క ఖతం!' అని.

అంతటితో ఆగాడా? అమ్మ దగ్గర మైదాపిండి అడిగి, బంక కాయించుకున్నాడు.

"ఇంత చిక్కగ ఎందుకురా? సినిమా పోస్టర్లు అతికిస్తవా ఏంది?" అంది వాళ్ళమ్మ శ్రీలత.

"ఎవ్వలు పీకినా రావద్దమ్మా!"

శుక్రవారం పొద్దున ఆ పేజీ గోడకెక్కింది. మహేష్ ఈల వేశాడు. చరిత వచ్చి చివరి గడి దాకా చదివింది. మధ్యాహ్నం టిఫిన్ బాక్సు తీసుకుని మళ్ళీ ఆ మూలకే వెళ్ళి కూర్చుంది. మనీషా పిలిచినా రాలేదు.

సాయంత్రం శశిధర్ బ్యాగు సర్దుకుంటుంటే చరిత గొంతు వినిపించింది. టీచర్‌తో మాట్లాడుతోంది.

"సోమవారం నా వంతు ఇంకెవరికైనా ఇచ్చేయండి టీచర్. వానక్కే లేదు కదా. నేనింక గీయను."

శశిధర్ సర్దడం ఆపేశాడు. గెలిచిన సంతోషం ఎటు పోయిందో తెలియదు. ఆమె ఇంక ఆ మూలలోంచి ఎప్పటికీ లేచి రాదేమో! అలా చేసింది తనే కదా!

అందరూ వెళ్ళాక స్కేలు తీసుకుని గోడ దగ్గరికి పరుగెత్తాడు. పేజీ గీకాడు. గోడ సున్నం ఊడింది గానీ కాగితం ఊడితే ఒట్టు! అమ్మ కాచిన బంకా మజాకా?

"అంటించింది పీకద్దనుకున్నం కద శశీ?" వెనక సుమిత్ర టీచర్.

"మరి వానక్క మళ్ల ఎట్లొస్తది టీచర్?" అన్నాడు శశిధర్.

"ఖతం చేసినోడివి నువ్వు. నన్నడిగితే ఎట్ల? ఆలోచించు," అని టీచర్ స్కేలు తీసుకుని వెళ్ళిపోయారు.

శనివారమంతా ఆలోచించాడు. ఏమీ తోచలేదు. ఆదివారం అమ్మతో మిర్యాలగూడలోని అమ్మమ్మ ఇంటికి వెళ్ళాడు. జయరాజు మామ అక్కడి రైసు మిల్లులో పనిచేస్తాడు. మేనల్లుడి ముఖం వాడిపోయి ఉండటం చూసి మిల్లుకు తీసుకెళ్ళాడు. అక్కడ ఉప్పుడు బియ్యం కోసం వడ్లు ఉడకబెడుతున్నారు. దూరంగా ఊక మంట భగభగమంటోంది. గుప్పుగుప్పున లేచిన ఆవిరి పైన రేకుల దాకా పోతోంది.

టప్‌మని శశిధర్ మెడ మీద ఏదో పడింది. తడిమి చూశాడు. నీటిచుక్క! తలెత్తి చూస్తే రేకుల నిండా చుక్కలే.

"మామా, గీ నీళ్ళు ఏడికెల్లి పడుతున్నయ్?"

"ఆవిరే రా. పైకి పోయి, సల్లబడి, మళ్ల నీళ్ళయితది. జర పక్కకు జరుగు, తడుస్తవ్!"

శశిధర్ పక్కకు జరగలేదు. సరిగ్గా చుక్కలు పడే చోటే నిలబడ్డాడు.

"వానక్క ఏడికీ పోలేదు మామా! పైన్నే ఉన్నది!" అని గంతులేశాడు.

"పోరనికి పిచ్చి లేసినట్టుంది," అని నవ్వాడు జయరాజు.

సోమవారం శశిధర్ అందరికన్నా ముందే బడికి వెళ్ళాడు. చరిత రాగానే ఒక కాగితం ఆమె ముందు పెట్టాడు. మొదటి గడిలో, ఎండిన నేల మీద నుంచి సన్నగా ఆవిరి లేస్తోంది. రెండో గడిలో, ఆకాశంలో నల్లటి మబ్బు. ఆ మబ్బుకు ఒక జడ ఉంది. మూడో గడి ఖాళీగా ఉంది.

"ఎండన్న ఆమెను ఖతం చెయ్యలే. ఆవిరి చేసి పైకి పంపిండు, గంతే," అన్నాడు శశిధర్. తర్వాత తల వంచుకున్నాడు. "తెల్వక గీసిన అని చెప్పను. కోపంతోనే గీసిన. సారీ చరితా. చివరి గడి నీది."

చరిత ఆ మబ్బు జడ మీద వేలు పెట్టింది.

"ఎండన్నని ఏం చేసినా ఏమీ అనవా?"

శశిధర్ పెన్సిల్ ఆమె చేతికిచ్చాడు. "అనను. నీ ఇష్టం."

చరిత చేయి అడ్డం పెట్టుకుని గీసింది. శశిధర్ తొంగి చూడకుండా ఉండటానికి నానా తిప్పలు పడ్డాడు. చివరికి ఆమె చేయి తీసింది.

మబ్బులోంచి వానక్క దిగి వచ్చింది. చుట్టూ జోరు వాన. మధ్యలో ఎండన్న ముడుచుకుని కూర్చున్నాడు. వానక్క అతనికి గొడుగు పట్టుకుని నిలబడింది!

శశిధర్ పకపకా నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళు తడిశాయి. "వానక్కకు గొడుగా!" అన్నాడు. చరితకూ నవ్వు ఆగలేదు.

ఆ సరికి మిగతా పిల్లలూ వచ్చేశారు. మహేష్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిదేం కథరా! ఇంతకు ఎవలు గెలిచిండ్రు?"

శశిధర్ బంక డబ్బా మూత తీసి చరిత ముందు పెట్టాడు.

"చరితను అడుగు," అన్నాడు. కాగితం అందుకుని, వంకర పోకుండా గోడకు ఆనించి పట్టుకున్నాడు.