లోరమ్మను చంపిందెవరు?

ఓబిలేష్ మనసులో కొన్నేళ్ళుగా ఒకటే అనుమానం. చేనికి మందు కొట్టేటప్పుడు, ఆంజనేయస్వామి గుడి చుట్టూ తిరిగేటప్పుడు, ఆఖరికి తలకు నీళ్ళు పోసుకునేటప్పుడు కూడా అదే గుర్తొచ్చేది.

లోరమ్మను ఈతకొలనులోకి తోసిందెవరు?

లోరమ్మ అతని చుట్టం కాదు, ఊరి మనిషీ కాదు. హాలీవుడ్ హీరోయిన్. అదీ నిజంగా కాదు, ఒక పాత డిటెక్టివ్ నవలలో. ఆ నవలకు అట్ట లేదు, పేరు లేదు. తిమ్మప్ప కూతురు హేమావతికి అది కళ్యాణదుర్గంలో పాత పేపర్ల అంగట్లో దొరికింది.

మృగశిర కార్తె ముందు ఆ ఊళ్ళో విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తారు. మిషన్‌లో వేస్తే గింజ దెబ్బతిని మొలవదని చేత్తోనే ఒలుస్తారు. ఒక ఇంటి కాయలకు చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళంతా వచ్చి కూర్చుంటారు. బొటనవేళ్ళు మండిపోతాయి. ఆ మంట మరిచిపోవాలంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్తూ ఉండాలి. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న హేమావతి ఆ ఏడాది లోరమ్మ కథ ఎత్తుకుంది.

"లోరమ్మ బంగళాలో పార్టీ. వెనకాల ఈతకొలను. నిండా నీళ్ళు."

"తాగేదానికా?" అంది ఆంజినమ్మవ్వ.

"కాదవ్వా, ఈత కొట్టేదానికి."

"ఒక్క ఆడమనిషికి అన్ని నీళ్ళా!"

"బోరు ఎన్ని అడుగులు ఏసినారంట?" అన్నాడు ఎర్రిస్వామి.

నీళ్ళలో శవం తేలిన సంగతి చెప్పడానికి హేమావతికి చాలాసేపు పట్టింది. తేలాక మాత్రం చాటల చప్పుడు ఆగిపోయింది. అనుమానం నలుగురి మీద. నిర్మాతగా ఉన్న మొగుడు, జతగా నటించే హీరో రెక్స్, మేకప్ వేసే పిప్, ఎప్పుడూ ఏడ్చి, పొడి రుమాలు మడిచి పెట్టుకునే సెక్రటరీ రోజీ.

"మేకప్పోడే," అన్నాడు ఓబిలేష్ మధ్యలో దూరి.

హేమావతి ఒలుస్తున్న కాయ అతని మీదికి విసిరింది. "చెప్తాండేది నేనా, నువ్వా?"

"పందెం. మేకప్పోడైతే నువ్వు నన్ను బావా అని పిలవల్ల."

"కాకపోతే?"

"మూర కనకాంబరాలు."

"మూరంటే నా చేత్తో కాదు, నీ చేత్తో కొలవల్ల," అంది ఆమె. అందరూ నవ్వారు. ఓబిలేష్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ ఏడ్చే పిల్లే," అంది ఆంజినమ్మవ్వ తల ఎత్తకుండా. అవ్వ మాట ఎవరూ పట్టించుకోలేదు.

చివరి సాయంత్రం, నవల్లో డిటెక్టివ్ అందరినీ ఈతకొలను ఒడ్డున కూర్చోబెట్టాడు. "హంతకులు ఈడే ఉండారు అని వేలు ఎత్తి చూపించినాడు..." అంది హేమావతి.

ఢమ్మని ఉరిమింది.

ఒక్క చుక్క. మట్టి వాసన. తర్వాత ఎవరో ఆకాశానికి గండి కొట్టినట్టు వాన. అందరూ చాటలు నెత్తిన పెట్టుకుని విత్తనం సంచుల మీదికి ఉరికారు. ఓబిలేష్ ఒక్కడే తడుస్తూ నిలబడి, "ఎవరిని చూపించినాడు?" అని అరిచాడు. హేమావతి అప్పటికే సంచుల మీద టార్పాలిన్ పట్ట కప్పుతూ ఉంది.

ఆ ఏడాది పంట బాగా పండింది. మరుసటి ఏడాది కథ మళ్ళీ మొదలైనప్పుడు ఆంజినమ్మవ్వ ఒక షరతు పెట్టింది. "వేలు ఎత్తేదాకా చెప్పు. ముగింపు మాత్రం చెప్పొద్దు. ముగింపు చెప్తే వాన కూడా ముగిసిపోతాది."

ఆ ఏడాదీ వాన వచ్చింది. ఆ తర్వాత అది ఊరికి మొక్కులాగా అయిపోయింది. పుస్తకాన్ని చెదలు తినేశాయి. ముగింపు హేమావతి కడుపులోనే ఉండిపోయింది. ఆమె టీచరై చిలమత్తూరు పోయింది. అయినా కాయలొలిచే దినాలకు సెలవు పెట్టి వచ్చేది.

ఈ ఏడాదీ వచ్చింది. కథ వేలు ఎత్తేదాకా చెప్పింది. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, వాన లేదు. మబ్బులు వచ్చి ఊరిని చూసి, కర్ణాటక వైపు వెళ్ళిపోతున్నాయి.

ఒక ఆదివారం సాయంత్రం తిమ్మప్ప ఇంటి ముందర జనం చేరారు. ఎర్రిస్వామి గొంతు సవరించుకున్నాడు.

"ముగింపు యాడో లీక్ అయింది. అందుకే వాన ల్యా. పోయిన నెల ఈ ఓబిలేషూ, హేమావతీ కళ్యాణదుర్గం బస్టాండు దగ్గర బాదంపాలు తాగతాండంగా చూసినా. గంటసేపు గుసగుసలు. ఏం చెప్పింటాది? లోరమ్మ ముగింపే!"

అందరి కళ్ళూ ఓబిలేష్ మీద పడ్డాయి. అరుగు మీద తల్లి నారాయణమ్మ, ఆమె పక్కన తిమ్మప్ప. గడప దగ్గర హేమావతి. వచ్చే ఆదివారం ఆమెను చూడటానికి హిందూపురం నుంచి ఉదయ్ కుమార్ అనే ఇంజనీరు వస్తున్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ఓబిలేష్‌కు అన్నం దిగడం లేదు.

"నాకు చెప్పలేదన్నా. స్వామి మీద ఒట్టు," అన్నాడు.

"ఒట్టెందుకు? పరీక్ష పెడదాం," అంది హేమావతి ముందుకొచ్చి. "తెలిసినోడైతే తెలిసినట్టు చెప్తాడు. చెప్పప్పా ఓబిలేషూ, లోరమ్మను చంపిందెవరు?"

ఓబిలేష్ నలుగురి పేర్లూ తలుచుకున్నాడు. పొరపాటున నిజం తగిలిందా, ఊరి కరువంతా తన నెత్తిన పడుతుంది. కానీ మనసులో ఉన్నది తప్ప వేరే మాట నోటికి రాలేదు.

"మేకప్ పిప్పు."

"తప్పు!" అంది హేమావతి, పిల్లవాడి లెక్కకు ఇంటూ కొట్టినంత సంతోషంగా. "చూసినారు కదా? నేనేం చెప్పలేదు."

జనం నెమ్మదించారు. ఎర్రిస్వామి మాత్రం వదల్లేదు. "సరేమ్మా. కథ గురించి కాకపోతే మరి గంటసేపు ఏం మాట్లాడుకున్న్యారు?"

హేమావతి ముఖంలో ధైర్యం ఒక్కసారిగా జారిపోయింది. ఆమె నేల చూసింది.

ఒక అబద్ధం చెప్తే సరిపోయేది. బస్సు గురించనో, ఎరువుల రేటు గురించనో. ఓబిలేష్ తల్లి వైపు చూశాడు, తిమ్మప్ప వైపు చూశాడు. వచ్చే ఆదివారం గుర్తొచ్చింది.

"నన్ను పెండ్లి చేసుకుంటావా అని అడిగినా మామా," అన్నాడు.

తిమ్మప్ప చేతిలోని తువ్వాలు జారింది. "మా పాప ఏమనింది?"

"ఏం చెప్పలేదు మామా. మాట మార్చేసింది. లోరమ్మ ముగింపు బయటోళ్ళకు చెప్పకూడదు, ఇంటోళ్ళకైతే చెప్తా, నీకు చెప్తాలే అనింది. అంతే. నేను పెండ్లి అడిగితే ఆ యమ్మి కథ ముచ్చట చెప్పింది. ఇష్టం లేదేమో అనుకుని గమ్మున బస్సెక్కి వచ్చేసినా."

ఆంజినమ్మవ్వ బోసినోటితో నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు అరుగంతా పాకింది. ఎర్రిస్వామి కూడా కడుపు పట్టుకున్నాడు.

"ఎందుకు నవ్వతారు?" అన్నాడు ఓబిలేష్.

"ఒరే ఎర్రి నాయనా," అంది నారాయణమ్మ తల కొట్టుకుంటూ. "ఇన్నేండ్లుగా డిటెక్టివు కథ వినుకుంటా వచ్చినావే, నీ మూతి ముందర మాట పట్టుకోలేకపోతివే! ఇంటోళ్ళకే చెప్తా, నీకు చెప్తా అనిందంటే ఏమిరా అర్థం?"

ఓబిలేష్ మెల్లగా హేమావతి వైపు తిరిగాడు.

"ఇప్పుడైనా తెలిసిందా?" అందామె కళ్ళెత్తకుండానే. "ఆ బస్సు పోయినాక అర్ధగంట ఆడ్నే నిలబడినా, తిరిగొస్తాడేమోనని."

నారాయణమ్మ లేచి తిమ్మప్ప దగ్గరకు వెళ్ళింది. "అన్నా, నీ బిడ్డను మా ఇంటికియ్యి. మాకు బోరులో నీళ్ళు తక్కువ గానీ మాట తక్కువ కాదు."

తిమ్మప్ప కూతురి ముఖం చూశాడు. ఫోన్ తీసుకుని లేచాడు. "హిందూపురం వాళ్ళకు చెప్పాల గదా. పాపం, ఆ పిల్లోడు కొత్త చొక్కా కుట్టించుకునింటాడు."

"అదంతా బాగానే ఉండాది," అంది ఆంజినమ్మవ్వ. "మరి ఈ యమ్మి వానికి ముగింపు చెప్పేస్తే వాన సంగతేమి?"

ఆ ప్రశ్న నారాయణమ్మకూ కొత్త కాదు. ప్రతి శనివారం స్వామికి ఆకుపూజ చేయించే మనిషి ఆమె. చేతులు జోడించినప్పుడల్లా ఆ అనుమానం ఆమెకూ వచ్చేది.

"అత్తా, నేనూ భయపడినా. కానీ వానిచ్చే సామికి మన చేండ్లు తెలుసు, మన ఆకలి తెలుసు. ఆ లోరమ్మ ఎవరో ఆయనకేం తెలుసు? మన భయాన్ని తీసుకుపోయి ఆయన మెడకెందుకు కట్టేది?"

అవ్వ ఆలోచించింది. "అయితే వానొచ్చినాకనే చెప్పమను," అంది.

వాన ఆ రాత్రి రాలేదు. తర్వాతి రోజూ రాలేదు. పునర్వసు పోతూ పోతూ ఒక తెల్లవారుజామున విత్తడానికి సరిపడే పదును వాన ఇచ్చి పోయింది. పొద్దు పొడిచేసరికి ఊరంతా చేలలోనే ఉంది. నిశ్చితార్థానికి సెలవు పెట్టి వచ్చిన హేమావతి కూడా కొంగు బిగించి వచ్చింది. ఓబిలేష్ ట్రాక్టరు నడుపుతుంటే, వెనక గొర్రు మీద నిలబడి గింజలు జారవిడుస్తోంది.

"వానొచ్చింది కదా. ఇంక చెప్పు!" అరిచాడు వెనక్కి తిరిగి.

ఆమె ఏదో చెప్పింది. ఇంజను రొదలో ఒక్క ముక్కా వినపడలేదు.

ఓబిలేష్ ఇంజను ఆపేశాడు. పదును మీద, చేను నడిమధ్యన!

"ఏం పోయేకాలమప్పా నీకు! పదును ఆరిపోతాది!" పక్క చేలోంచి ఎర్రిస్వామి కేక.

"చెప్పు," అన్నాడు ఓబిలేష్ దిగి ఆమె దగ్గరికి వచ్చి.

"రోజీ," అంది హేమావతి. "సినిమాల్లో లోరమ్మ పాడినట్టు లోకం అనుకునే పాటలన్నీ రోజీవే. పేరు మాత్రం లోరమ్మది. ఇంక నీతో పనిలేదు పొమ్మనింది లోరమ్మ. అంతే, రోజీ నీళ్ళలోకి తోసేసింది."

"ఆ ఏడ్చే పిల్లా! డిటెక్టివుకు ఎట్ల తెలిసింది?"

"కథంతా ఏడ్చింది కదా, రుమాలు ఒక్కసారైనా తడిసిందా? ఏటా చెప్పినా మీకు, పొడి రుమాలు మడిచి పెట్టుకునింది అని. కరువు సీమలో పుట్టి తడికీ పొడికీ తేడా పట్టుకోలేకపోతిరి. అవ్వ ఒక్కతే పట్టుకునింది."

ఓబిలేష్‌కు ఇన్నేళ్ళ బరువు దిగినట్టూ ఉంది, ఏదో పోగొట్టుకున్నట్టూ ఉంది. తర్వాత నవ్వుకుంటూ మళ్ళీ ట్రాక్టరు ఎక్కాడు.

సాయంత్రం విత్తనం అయిపోయాక తిమ్మప్ప ఇంటి ముందు ఓబిలేష్ బండి ఆగింది. ఒళ్ళంతా మట్టి, చేతిలో మాత్రం తడి అరటాకు పొట్లం. కళ్యాణదుర్గం దాకా పోయి వచ్చాడు.

హేమావతి పొట్లం విప్పింది. ఎర్రటి కనకాంబరాలు. అతని మోచేతి నుంచి వేలి కొస దాకా ఆనించి కొలిచి చూసింది. ఒక వేలు ఎక్కువే ఉంది.

"అప్పు తీరిపోయింది," అన్నాడు ఓబిలేష్. "పందెం నేను ఓడిపోయినా. ఇంక నువ్వు పిలవాల్సిన పని ల్యా."

హేమావతి పూలు జడలో తురుముకుని, లోపలికి తిరిగి కేక వేసింది.

"నాయనా, బావ వచ్చినాడు. కాళ్ళకు నీళ్ళు తెస్తాండా."