పాత సంపులో గొంతు

మా పాశమైలారంలో రాత్రి పది దాటాక పాత సంపు పక్కనుంచి ఒంటరిగా నడిచే మగాడు ఇంకా పుట్టలేదు. దానికి కాస్త ఇవతల, రోడ్డు మలుపులో నా టీకొట్టు. దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. కానీ ఫ్యాక్టరీల్లో సెకండ్ షిఫ్టు దిగినవాళ్లు జత దొరికేదాకా నా కొట్టు దగ్గరే నిలబడి రెండేసి టీలు తాగుతుంటే, దెయ్యం లేదని వాదించడానికి నాకేమైనా పిచ్చా?

ఎప్పుడో మూతపడ్డ రంగుల కంపెనీది ఆ సంపు. గోడలు కూలాయి, షెడ్డు రేకులు ఎవరో పట్టుకుపోయారు. మిగిలింది నేలలోకి దిగిన ఆ పెద్ద సిమెంటు తొట్టి ఒక్కటే. చుట్టూ సర్కారు తుమ్మలు. దాని అంచు మీదుగానే కిరాయి గదుల వైపు అడ్డదారి.

అందులోంచి గొంతు వచ్చేది... మగ గొంతు.

మాటలు తెలిసేవి కావు. ఒక్కసారిగా లేచేది, గర్జించేది, ఆగేది — మళ్లీ లేచేది. సంపు కడగడానికి దిగి పైకి రాని కూలీ అని ఒకడన్నాడు. కాదు, ఉరేసుకున్న మేస్త్రీ అని ఇంకొకడు. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లయితే కొత్తవాడు దిగిన రోజే "ఉధర్ మత్ జానా భాయ్" అని, అటు పోవద్దని చెప్పేవాళ్లు.

ఆ గొంతు ఎన్నడూ వినని మనిషి ఒక్కడే ఉండేవాడు. జైపాల్.

మందుల కంపెనీలో రియాక్టర్ దగ్గర అతని పని. బండి మీద అందరికంటే ముందే ఇల్లు చేరేవాడు. "నన్ను జూస్తే దానికే భయమన్నా" అని నా ముందు మీసం తిప్పేవాడు. డ్యూటీలో మాత్రం ఆ మీసం లేవదు. సెకండ్ షిఫ్టు సూపర్‌వైజర్ నలుగురిలో ఎంత మాటన్నా తల వంచుకుని నిలబడేవాడట. అక్కడ మింగిందంతా ఎక్కడ కక్కేవాడో మాకెవరికీ తెలియదు. అడగాలని కూడా తోచలేదు.

అతనికి ఒక్కతే కూతురు, స్నిగ్ధ. మూడో తరగతి. చలికాలం పోయినప్పటి నుంచి పిల్లకు కడుపునొప్పి పట్టుకుంది. తండ్రికి సెకండ్ షిఫ్టు పడ్డ వారాల్లో, రాత్రి పొద్దుపోయేసరికి కడుపు మెలితిప్పేది. తిన్నదంతా వాంతి. పటాన్‌చెరుకు తీసుకెళ్లి రక్తం పరీక్షలు చేయించారు, స్కానింగ్ తీయించారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు.

"ఇంట్లో ఏమైనా గొడవలున్నాయా?" అని డాక్టరమ్మ అడిగింది.

"మా ఇంట్ల గొడవేంది మేడం?" అన్నాడు జైపాల్. అతని భార్య రవళి నేల చూపులు చూసింది.

మందులతో గుణం కనిపించలేదు. పిల్ల చీపురుపుల్లలా అయింది. అప్పుడు వాళ్ల కిరాయి గదుల ఇల్లుగలామె నర్సింహమ్మ ఒక మాట పట్టుకుంది.

"సంపుల గొంతు ఏ వారం లేస్తదో, పిల్లకు గా వారమే నొప్పి లేస్తున్నది. సూస్కోండ్రి. ఇది డాక్టర్లతోని పొయ్యేది గాదు బిడ్డా."

చూస్తే నిజమే. వారాలు సరిగ్గా కలిశాయి. ఇంకేముంది, నిమ్మకాయలు కోశారు. ఎర్రన్నం దిగదుడిచి మూడుబాటల దగ్గర పెట్టారు. మెడలో తాయత్తు కట్టించారు. ఇంత చేసినా ఒక రాత్రి పిల్ల వాంతిలో నెత్తురు చార కనబడింది. ఆ రాత్రంతా జైపాల్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

మర్నాడు ప్లాంటులో ఏదో ఆగిపోయి, షిఫ్టువాళ్లను ముందే వదిలేశారు. జైపాల్ నా కొట్టు ముందు బండి ఆపాడు. టీ పోయబోతే వద్దన్నాడు.

"అన్నా, బండి ఈడ్నే ఉండనీ. సంపు కాడికి పోతున్న."

"పిచ్చి లేసిందా నీకు? గింత చీకట్ల ఆడేం పని?"

"దాంతోని తేల్చుకుంట. నా బిడ్డనన్న ఇడ్వాలె... లేకుంటే నన్నన్న తీస్కపోవాలె."

నేను ఆపలేదు. ఆపినా ఆగే మొహం కాదది. ఇక్కడినుంచి చెప్పేదంతా అతను నాకు చెప్పిందే.

తుమ్మచెట్ల మధ్య చీకటి... ముళ్లు చొక్కాకు పట్టుకుంటున్నాయి. అతని అడుగు పడేకొద్దీ కీచురాళ్లు ఒక్కొక్కటే నోరు మూస్తున్నాయి. అంచుదాకా వెళ్లాడు. కింద అంతా నలుపు. మురుగు వాసన. గొంతు నిండా తిట్లు పెట్టుకుని నోరు తెరిచాడు —

లోపల ఏదో చప్పుడైంది.

టప్... టప్... నీళ్లు. ఆ వెనకే, ఎవరో వాంతి చేసుకుంటున్న చప్పుడు. పెద్దవాళ్లది కాదు. చిన్నపిల్లది.

మగ దెయ్యమన్నారు కదా... మరి ఈ పిల్ల ఎవరు?

సంపులోంచి గుసగుసగా, చెవి పక్కనే ఉన్నట్టుగా —

"అమ్మా... టైమెంతయింది?"

"ఇంక పది గాలె బిడ్డా. మూతి కడుక్కో."

"బకెట్ నిండ నీళ్లు పట్టినవా?"

"పట్టిన."

"టవల్? సబ్బు?"

"అన్నీ పెట్టిన తల్లీ."

"నిన్న గూడ అన్నీ పెట్టినం గదా... గయినా గట్టిగ ఒర్రిండు."

చెంబుతో నీళ్లు పోసిన చప్పుడు వినబడింది.

జైపాల్ ఫోన్ లైటు వేశాడు. అంచుకు మూరెడు కిందుగా, తొట్టి గోడలో బిందె మూతంత సిమెంటు పైపు. అందులోంచి సబ్బు నురగ కారుతోంది. తమ ఇంట్లో వాడే సబ్బు వాసన. గదులు కట్టించినప్పుడు నర్సింహమ్మ బాత్‌రూము నీళ్లను కంపెనీ పాత పైపులో కలిపించిందని అతనికి తెలుసు. ఆ పైపు ఎక్కడ తేలుతుందో మాత్రం ఏనాడూ ఆలోచించలేదు. బండి మీద రోడ్డు చుట్టూ తిరిగొచ్చే దారి దూరం కానీ, తిన్నగా వస్తే ఇల్లు ఇక్కడే.

ఇంటికి రాగానే అతను ముందు వెళ్లేది బాత్‌రూముకే. ఒంటి మీది కంపెనీ కంపు పోయేదాకా పిల్లను ముట్టుకోకూడదని. నీళ్లు చల్లారాయని అక్కడే మొదలు. టవల్ తడిగా ఉందని. సబ్బు అరిగిపోయిందని. సూపర్‌వైజర్‌ను అనలేని మాటలన్నీ అక్కడే, గొంతు చించుకుని.

ఇన్నాళ్లూ ఇంతమంది జడుసుకున్నది ఎవరి గొంతుకో అప్పుడు తెలిసింది.

"సిగ్గుతోని ఆన్నే సచ్చిపోవాలె అనిపించిందన్నా" అన్నాడు నాతో. "నా బిడ్డకు ఏ దెయ్యం పట్టలే. నేనే పట్టిన."

అంచు మీద కూలబడి ఏడ్చాడు. ఇంకెప్పుడూ అరవనని ఆ క్షణంలోనే చెప్పాలనిపించింది. ఇంటికి వెళ్లేదాకా కూడా ఆగలేకపోయాడు. బోర్లా పడుకుని, పైపు మూతి దగ్గరికి మొహం వంచి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ పలకనంత మెత్తగా —

"బిడ్డా..." అన్నాడు.

ఖాళీ తొట్టి ఆ ఒక్క మాటనూ పట్టుకుంది. నాలుగు గోడలకూ కొట్టి, ఉబ్బించి, గర్జన చేసి, పైపులోకి తోసింది.

అటువైపు చెంబు కిందపడింది.

"అమ్మా! డాడీ వచ్చిండు!"

ఆ వెంటనే — మళ్లీ వాంతి.