ఎనిమిదింటి సంతకం

"దూది రోల్సు మళ్ళ లెక్కవెడుతున్నవా?" అని అడిగింది క్రిస్టీనా, అంబులెన్స్ వెనక తలుపుకు ఆనుకుని.

"రిజిస్టర్ల ఆరున్నయి. ఈడ అయిదే ఉన్నయి," అన్నాడు స్తెఫను తల ఎత్తకుండా.

"ఒకటి నా చెవులల్ల వెట్టుకున్న. పొద్దుగాల పొద్దుగాల నీ సొద వినలేక."

స్తెఫను తల ఎత్తాడు. ఆ అమ్మాయి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. యూనిఫాం మోకాలి దగ్గర ఎవరిదో రక్తం ఎండిపోయి ఉంది. ఆమె నవ్వలేదు, అతనూ నవ్వలేదు. అయిదని రాసి, పక్కన 'ఒకటి తక్కువ' అని కూడా రాసి, అప్పుడు సంతకం పెట్టాడు. "లెక్కల సారు దొరికిండు నా పానానికి," అని గొణుక్కుంటూ ఆమె బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

తొలిచూపు ఇలా ఉండకూడదు నిజమే. కానీ పన్నెండు గంటల డ్యూటీ దిగిన మనిషి దగ్గర ఇంతకన్నా మంచి చూపు ఎక్కడ దొరుకుతుంది?

నారాయణఖేడ్ బండికి వాళ్ళిద్దరూ ఈఎంటీలు. అంటే ముందు డ్రైవరు బండి నడుపుతుంటే, వెనక పేషెంటు పక్కన కూర్చుని దవాఖాన చేరేదాకా ప్రాణం నిలబెట్టేవాళ్ళు. పగలు ఒకరు, రాత్రి ఒకరు. వారానికోసారి తారుమారు. పొద్దున ఎనిమిదింటికీ, సాయంత్రం ఎనిమిదింటికీ ఇద్దరూ రేకుల షెడ్డు కింద ఓ పది నిమిషాలు ఎదురుపడతారు. దిగేవాళ్ళు సామానంతా రిజిస్టర్లో రాయాలి, ఎక్కేవాళ్ళు ప్రతిదీ కళ్ళతో చూసి సంతకం చేయాలి. ఆ సంతకం పడేదాకా దిగేవాళ్ళు కదలడానికి లేదు.

ఆ పది నిమిషాల్లో కూడా ఒకరు అలిసిపోయి ఉంటారు, ఇంకొకరు నిద్ర చాలక ఉంటారు. ఇలాంటి చోట ప్రేమ పుట్టడమంటే బండ మీద జొన్న మొలిచినట్టే. అయినా మొలిచింది.

ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు, వలపు సిగ్గెరగదు అంటారు పెద్దలు. మొదటి రెండూ స్తెఫనుకు ఉద్యోగంలో చేరిన వారానికే తెలిసొచ్చాయి. మూడోది తెలియడానికి మొదటి వాన పడాల్సి వచ్చింది.

ఆ పొద్దున సన్నగా చినుకులు పడుతున్నాయి. సిరంజీలు లెక్కపెట్టి వెనక్కి తిరిగితే క్రిస్టీనా నిలబడే నిద్రపోతోంది. నుదురు తలుపు అంచుకు ఆనింది. జడ మీద పడ్డ చినుకులు ఒక్కొక్కటే జారి కాలర్లోకి పోతున్నాయి, ఆమెకు తెలియడం లేదు. సిరంజీల డబ్బా స్తెఫను చేతిలో అలాగే ఉండిపోయింది. ఈ పిల్ల ఇంకో పది నిమిషాలు ముందు ఇల్లు చేరితే బాగుండు అనిపించింది. అక్కడితో అతని పని అయిపోయింది.

మిగతావేవీ చూడకుండానే సంతకం గీకాడు.

"అయిపోయింది. పో, పండుకో."

ఆమె కళ్ళు తెరిచి అనుమానంగా చూసింది. "ఆక్సిజన్ చూసినవా?"

"చూసిన."

"మాస్కులు?"

"అన్ని చూసిన. పో ఇగ."

ఏదీ చూడలేదు. అది అతను ఆమెతో ఆడిన మొదటి అబద్ధం.

మర్నాడూ అంతే. ఆ తర్వాత అదే అలవాటైంది. లోకంలో మగవాళ్ళు ప్రేమించిన పిల్లకు పూలిస్తారు, గాజులిస్తారు. తను పది నిమిషాల నిద్ర ఇస్తున్నాడు. ఇంతకన్నా గొప్ప కానుక ఉండదని స్తెఫను లోలోపల మురిసిపోయాడు.

డ్రైవరు మొగులప్ప ముప్పై ఏళ్ళుగా స్టీరింగ్ పట్టినవాడు. అతని కన్ను కప్పడం కష్టం.

"ఏంది స్తెఫనూ, నీ లెక్కలు బందయినయి?"

"నమ్మకం అన్నా."

"నమ్మకమేనా, ఇంకేమన్ననా?"

స్తెఫను బండి అద్దం తుడిచాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న అద్దం అది.

అతన్ని బాధపెట్టేది ఒక్కటే. తను దిగేటప్పుడు క్రిస్టీనా మాత్రం అన్నీ లెక్కపెట్టేది. సిలిండర్ తిప్పి ముల్లు చూసేది. మందు సీసాల మీది తేదీలు చదివేది. అతను కాళ్ళు పీకుతున్నా నిలబడాల్సిందే.

"నేను రాసింది నమ్మవా?" అని ఒక సాయంత్రం అడిగేశాడు.

"నీ కండ్లు చూసినవా అద్దంల? గా కండ్లతోని రాసింది ఎట్ల నమ్ముడు?" అంది, లెక్క ఆపకుండా.

ఆమెకు తన మీద ఏమీ లేదన్నమాట, అనుకున్నాడు స్తెఫను. ఇంటికి పోయి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

శ్రావణంలో ఒక సంత రోజు అది జరిగింది.

ముందు రాత్రి క్రిస్టీనాకు వరసగా అయిదు కేసులు పడ్డాయి. పొద్దున రిజిస్టర్ రాయబోతే వేళ్ళు మాట వినలేదు. ముందు రోజు రాసినదాని కింద పై నుంచి కిందికి డిట్టో గుర్తులు పెట్టుకుంటూ పోయింది. 'ఆక్సిజన్ సిలిండర్లు రెండు, ఫుల్' అన్నదాని కింద కూడా డిట్టో పడింది. స్తెఫను ఎప్పట్లాగే సంతకం చేసి, ఎప్పట్లాగే "పో, పండుకో" అన్నాడు.

పదింటికి కల్హేర్ అవతల ఒక ఊరి నుంచి ఫోను వచ్చింది. ఇంద్రమ్మ అనే ముసలమ్మకు దమ్ము లేచింది. వెళ్ళేసరికి మంచం పట్టె పట్టుకుని కూర్చుని ఉంది, పెదాలు నీలంగా మారుతున్నాయి. స్తెఫను ఆమెను బండిలో ఎక్కించి, ముఖానికి మాస్కు పెట్టి, ఆక్సిజన్ తిప్పాడు. ముసలమ్మ కాస్త తేరుకుంది. బండి బయలుదేరింది.

సగం దూరం రాకముందే సిలిండర్ ముల్లు పడిపోయింది. రెండోది తిప్పాడు. దాని ముల్లు కదలనే లేదు. వేలితో కొట్టి చూశాడు. సున్నా దగ్గరే ఉంది. చేతిలో పట్టుకుపోయే చిన్న సిలిండర్ ఒకటి మిగిలింది, అది పది నిమిషాల కన్నా రాదు.

స్తెఫను మాస్కు గొట్టాన్ని దానికి తగిలించాడు. ముందు కిటికీ తీసి, "అన్నా, ఆక్సిజన్ లేదు. కల్హేర్ దవాఖానకు పోనియ్యి," అన్నాడు.

"అయిదు కిలోమీటర్లు. గాని ఇయ్యాల సంత," అన్నాడు మొగులప్ప, అప్పటికే వేగం పెంచుతూ.

కల్హేర్ దవాఖాన సిస్టరుకు ఫోను చేసి సిలిండర్ గేటు దగ్గరికి తెమ్మన్నాడు. సంతలో ఆటోలు, బైకులు, ఉల్లిగడ్డల కుప్పలు. సైరను ఎవరికీ పట్టలేదు. మొగులప్ప కిటికీలోంచి తల బయటపెట్టి, "ముసలవ్వ పానం పోతున్నది, జరుగుండ్రి," అని అరిచాడు. ఆ మాటకు మాత్రం జనం కదిలారు. ఆడవాళ్ళు కూరగాయల గంపలు ఎత్తుకుని పక్కకు తప్పుకున్నారు.

"బిడ్డా, గాలి తక్కువైతుంది," అంది ఇంద్రమ్మ.

"వస్తది పెద్దమ్మా. నా దిక్కు చూడు. జెర ముంగటికి వంగు," అన్నాడు.

చిన్న సిలిండర్ ముల్లు సున్నాకు చేరుతుండగా గేటు వచ్చింది. సిస్టరు సిలిండర్ పట్టుకుని వానలో నిలబడి ఉంది. బిగించారు. కాసేపటికి ముసలమ్మ పెదాలకు రంగు తిరిగి వచ్చింది. నారాయణఖేడ్ చేరాక ఇంద్రమ్మ వార్డులో కూర్చుని చాయ్ కూడా తాగింది. ఆమె బతికింది ఆ సిస్టరు వల్ల, మొగులప్ప గొంతు వల్ల. తన వల్ల కాదని స్తెఫనుకు తెలుసు.

సాయంత్రం క్రిస్టీనా వచ్చేసరికి మొగులప్ప అంతా చెప్పేశాడు. ఆమె రిజిస్టర్ తీసి తన డిట్టోలు చూసుకుంది. చాలాసేపు చూసింది.

"నేను తప్పు రాసిన. నువ్వు చూడలేదా?"

"చూడలే."

"ఎన్ని దినాల సంది చూస్తలేవు?"

"మొదటి వాన సంది."

"ఎందుకు?"

"నువ్వు నిలవడి నిద్రపోతున్నవ్. పది నిమిషాలు ముందు పోతవని."

క్రిస్టీనా కోప్పడుతుందనుకున్నాడు. ఆమె బండి మెట్టు మీద కూలబడింది.

"ఇంటికి పోంగనే నేనెట్ల నిద్రపోతున్ననో ఎరుకనా? నా చేతులు అలిసినయి, ఏడనో తప్పు చేసే ఉంట, గాని నా వెనుక లెక్కల సారు ఉన్నడు, పట్టుకుంటడు అని. గా ధైర్యంతోని పండుకుంటున్న. నువ్వు గా ధైర్యమే తీసేసినవ్."

స్తెఫను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నీ సామాను నేను రోజు లెక్కవెట్టేది ఎందుకనుకున్నవ్, నీ మీద నమ్మకం లేకనా? నీ చేతిల ఒక పానం పోతే నువ్వు తట్టుకోవు. నాకెరుక. అందుకు చూస్తున్న."

ఇన్నాళ్ళూ ఎవరు ఎవర్ని ప్రేమిస్తున్నారో అప్పుడు అర్థమైంది స్తెఫనుకు. తను ఇచ్చింది కానుక కాదు. ఆమె ఇస్తున్నదాన్ని తను గుర్తుపట్టనే లేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

రెండు రోజులకు సూపర్వైజర్ బాలప్ప వచ్చాడు. ఇద్దరి దగ్గరా సంజాయిషీ కాగితాలు తీసుకుని చదివి తల పట్టుకున్నాడు.

"ఈమె తప్పు నాదంటది. నువ్వు నాదంటవు. నా సర్వీసుల అందరు నాది కాదన్నోళ్ళే. గిసొంటి కేసు నేనేడ చూడలే." కళ్ళజోడు తీసి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఇద్దరికి మెమో ఇస్త. క్రిస్టీనా, సోమవారం సంది నువ్వు కంగ్టి బండి మీద. మీరిద్దరు ఒక్క రిజిస్టర్ మీద వద్దు."

మిగిలిన రోజులు ఎనిమిదింటికి సామాను మాటలు తప్ప వేరే మాట లేదు. కాటన్ ఆరు. గ్లూకోజు నాలుగు. ఆక్సిజన్ ఫుల్, చూడు. చూసిన. అంతే.

ఆదివారం పొద్దున ఆఖరి సంతకం; ఆ రాత్రి డ్యూటీకి ఆమె బదులు వేరే మనిషి వస్తాడు. రాత్రంతా ఏడు కేసులు చూసి క్రిస్టీనా నిలబడలేకపోతోంది. అయినా స్తెఫను తొందరపడలేదు. రెండు సిలిండర్లూ తిప్పి చూశాడు. మాస్కులు, సూదులు, కట్లు, అన్నీ ఎంచాడు. గ్లూకోజు సీసా ఒకటి తేదీ దాటి ఉంటే చూపించాడు. ఆమె కొట్టేసి, సరిచేసి రాసింది. నలభై నిమిషాలు పట్టింది. ఆమె ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

పెన్ను పట్టుకున్నాడు గానీ చెయ్యి కదలలేదు. ఈ సంతకం పెడితే ఆమె వెళ్ళిపోతుంది. రేపటి నుంచి ఆ పది నిమిషాలు కూడా ఉండవు. ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేడు.

"క్రిస్టీనా, నన్ను పెండ్లి చేసుకుంటవా?"

ఆమె అతని వంక చూసింది. చూసి చూసి, "గిప్పుడు అడుగుతవా?" అంది. "నా పేరేందంటే తడుముకునేటట్టున్న."

"రేపటి సంది నువ్వు ఈడ ఉండవు గదా."

"అలిసినప్పుడు రాస్తే ఏమైందో చూసినం. పండుకొని లేసినంక చెప్త. సంతకం వెట్టు."

పెట్టాడు. ఆమె వెళ్ళిపోయింది.

ఎప్పుడు లేస్తుందో ఏమో. రాత్రి డ్యూటీ చేస్తే సాయంత్రం నాలుగు దాకా లేవదని అతనికి తెలుసు. ఈలోగా బోరంచ గుడికి పోయి వస్తూ బైకు జారిపడ్డ ఆలుమగలను తీసుకురావాల్సి వచ్చింది. తప్పు నీదంటే నీదని దారంతా కొట్లాడుకున్నారు. కట్లు కడుతూ స్తెఫను వాళ్ళను అసూయగా చూశాడు. కనీసం వాళ్ళు ఒకే బైకు మీద ఉన్నారు.

వాళ్ళను దించి షెడ్డు దగ్గరికి వచ్చేసరికి పన్నెండున్నర. బెంచీ మీద క్రిస్టీనా కూర్చుని ఉంది. పక్కన వాళ్ళ అమ్మ అమృతమ్మ, తెల్లచీర, ఒళ్ళో బైబిలు, టిఫిన్ డబ్బా.

"పండుకోలేదా?" అన్నాడు స్తెఫను.

"నిద్ర రాలే," అంది క్రిస్టీనా.

నిలబడి నిద్రపోయే మనిషికి మంచం మీద నిద్ర రాలేదంటే, అది మంచికా చెడుకా అతనికి తేలలేదు.

"రాత్రి డ్యూటీ దిగినంక నా బిడ్డ చర్చికి రాంగ నేనెన్నడు చూడలే," అంది అమృతమ్మ. "వచ్చి సుత కూసున్నదా? పాటల నడుమ లేసి ఫోన్లు. పాస్టరు సుత పరేషానయిండు."

"ఎవరికి ఫోన్లు?"

"బాలప్ప సారుకు," అంది క్రిస్టీనా. "కంగ్టి బండి మీద నాకు ఏ వారం పగలు, ఏ వారం రాత్రి అని అడిగిన. నీ వరసనే పడ్డది. నీకు పగలైతే నాకు పగలు, నీకు రాత్రయితే నాకు రాత్రి. గీ బండి మీదనే ఉంటే పెండ్లయినంక సుత మనం పొద్దుకు పది నిమిషాలు, మాపుకు పది నిమిషాలే కలుస్తుంటిమి. ఎట్ల బతుకుతమని పరేషానైన ఇన్ని దినాలు."

స్తెఫను అలిసిన బుర్రకు ఎక్కడానికి కాసేపు పట్టింది. "ఇన్ని దినాల సందా?"

"ఇన్ని దినాల సంది. నువ్వంటే నాకిష్టం. చేసుకుంట. ఇప్పుడన్న సమజైందా?"

అతనికి కళ్ళు చెమ్మగిల్లాయి. దాచుకోలేదు.

అమృతమ్మ అతన్ని పై నుంచి కింది దాకా చూసింది. "నాకొక్కటి చెప్పు బిడ్డా. ఇద్దరు డ్యూటీ దిగి వస్తరు. అన్నమెవరు వండుతరు?"

"ఎవరు తక్కువ అలిస్తే వాళ్ళమ్మా."

"ఇద్దరు ఒక్క తీరు అలిస్తే?"

స్తెఫను ఆలోచించాడు. అబద్ధం చెప్పదలచుకోలేదు. "మీ ఇంటికొస్తం."

అమృతమ్మ నవ్వి డబ్బా మూత తీసింది. "కూసో. తిను. వచ్చే ఆదివారం మీ అమ్మానాయినను తోల్కరా."

స్తెఫను బెంచీ చివర కూర్చున్నాడు. క్రిస్టీనాతో ఏదైనా మంచి మాట చెప్పాలని, పొద్దుటి నుంచి దాచుకున్నదంతా చెప్పాలని అటు తిరిగాడు. ఆమె తల అప్పటికే అతని భుజం మీదికి వాలిపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. గాఢంగా నిద్రపోతోంది.

"లేపకు," అంది అమృతమ్మ మెల్లగా.

అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఫోను మోగేదాకా స్తెఫను కదలకుండా కూర్చున్నాడు.