వెనకున్నవాళ్ళకే కనబడే చుక్కలు

ఢాం!

మిల్లు లోపలే. ఒక్కటే తుపాకి పేలుడు.

కృపారాణి ఊక గది కంతలో ఇరుక్కుని ఉంది. సగం లోపల, సగం బయట. మోచేతులు గీరుకుపోతున్నాయి. నోటినిండా ఊక దుమ్ము. దగ్గు గొంతు దాకా వస్తుంది... మింగేస్తుంది.

గోపి బతికే ఉన్నాడా?

మిర్యాలగూడ నుంచి నేరేడుచర్ల వెళ్ళే దారిలో మూతపడిన రైస్ మిల్లు ఇది. కరెంటు ఎప్పుడో కోసేశారు. ఇందులో దాక్కున్న లారీ డ్రైవర్ గోపి ఈ రాత్రి బతికితే రేపు కోర్టులో నోరు విప్పుతాడు. కోదాడ దగ్గర గంజాయి లారీలను దాటిస్తున్న పోలీసు అధికారి ఎవరో చెబుతాడు.

"ఫోన్ల పేరు చెప్ప అక్కా. నీ మొకం సూసుకుంట చెప్త," అన్నాడు పొద్దున.

అతనిక్కడున్నాడని ఎస్సై కృపారాణి చెప్పింది ఒక్కరికే. ఇన్‌స్పెక్టర్ జగదీశ్‌కు. తనకు తుపాకి పట్టడం నేర్పిన మనిషికి.

ఇందాకే ఆయన ఫోన్ చేశాడు, గోపి కోసం ఎవరో మిల్లులో దూరారని.

"నేను బయట, వెనక గోడ కాడుంట. నువ్వు ముంగట షట్టర్ లేపుకొని లోపలికి పో. టార్చి గిట్ల ఎయ్యకు."

"ఒక్కదాన్నే పోవాల్నా సార్?"

"భయమైతుందా? షూటింగ్ పోటీల కప్పులు కొట్టినవ్ కదా. జల్దీ!"

ఆమె షట్టర్ దగ్గరికి వెళ్ళింది. ముట్టుకుంది. తుప్పు. లేపితే కూత ఊరవతలికి వినబడుతుంది.

అప్పుడు గుర్తొచ్చింది పక్క గోడలోని ఈ కంత.

తల్లి ఉప్పలమ్మ ఈ మిల్లులోనే ఊక ఎత్తింది. ఊక ఎత్తే ఆడవాళ్ళు ముందు గుమ్మం తొక్కకూడదు. ఈ కంతలోంచే రావాలి, ఈ కంతలోంచే పోవాలి. బడి సెలవుల్లో తల్లి వెనకే కృపారాణి కూడా దూరేది. ఆ అవమానం ఈ రాత్రి దారి చూపింది.

లోపలికి జారుతుంది. మోకాళ్ళ మీద లేస్తుంది. పిస్టల్ ఎత్తుతుంది.

గురి చూస్తుంది...

ఏమీ కనబడదు!

పిస్టల్ మీద గురి చూసే సైట్ లేదు. దాని చుక్క లేదు. తన చెయ్యే తనకు కనబడడం లేదు.

ఆ చుక్క కోసమే కదా ఈ సైట్‌కు ఒప్పుకుంది!

ఆ రోజు సూర్యాపేట బయటి ఫైరింగ్ రేంజ్. నడినెత్తి ఎండ. కొత్త పిస్టళ్ళకు ఏ సైట్ బిగించాలో ఎవరికి వారు చెప్పాలి. మామూలు నల్ల సైట్. ఫైబర్ ఆప్టిక్. లేకపోతే చీకట్లో దానంతటది వెలిగే ట్రిటియం.

ఆమె ట్రిటియం అడిగింది. అవి తక్కువొచ్చాయి. పైవాళ్ళకే సరిపోయాయి.

"నీకు ఫైబరే కరెక్ట్," అన్నాడు జగదీశ్. "సన్నని ప్లాస్టిక్ తీగ గిది. ఎంత వెలుతురు పోస్తే అంత తాగుతది. సూడు, నిప్పుకణం లెక్క!"

నిజమే. ఎండలో ఆ ఎర్రచుక్క కంటిని లాగేసుకుంది.

"మరి రాత్రిపూట సార్?"

"రాత్రిపూట నేనుంట కదా నీతోటి."

తన పిస్టల్‌ను అరచేతి నీడలో చూపించాడు. వెనక రెండు, ముందొకటి. మూడు పచ్చచుక్కలు.

"గివి మెరుస్తుంటే ఎదుటోనికి కనబడవా సార్?"

"కనబడయ్. వెనకున్నోళ్ళకే కనబడ్తయ్." నవ్వాడు. "మన వెనక ఎవరుంటరు? మనోళ్ళే కదా!"

ఎండలో చేసిన ఎంపిక అది. దాని ఫలితం తేలడానికి ఇంత చీకటి కావలసి వచ్చింది.

ఎవరో చీలమండ పట్టుకుంటారు!

కేక పెదవుల దాకా వచ్చి ఆగుతుంది.

"అక్కా... నేనే." గుసగుస.

గోపి. గోనెసంచుల మధ్య పడి ఉన్నాడు. ఆమె చేతికి వెచ్చగా, జిగటగా తగులుతుంది. తొడ. నెత్తురు ఆగడం లేదు.

మఫ్టీ మీదున్న చున్నీ లాగి గాయానికి బిగిస్తుంది. "ఎవడు కాల్చిండు?"

"పేరు చెప్త అన్న కదా... ఆయనే."

"ఎవరు?"

"మీ సారు."

"నోర్ముయ్!" గుసగుసగానే కసురుతుంది.

"ఒట్టు అక్కా. లారీ కాడ ఆయన గొంతే, గిప్పుడు గీడ ఆయన గొంతే. నువ్వు షట్టర్ కాడ్నించి వస్తవని సూస్తుండు. ఇద్దర్నీ ఖతం జేసి, ఒకల్నొకలు కాల్చుకున్నరని రాస్తడట... నన్ను కాల్చక ముందే ఫోన్ల ఎవరికో చెప్పిండు. నేను సచ్చిననుకుంటుండు."

అబద్ధం. అబద్ధం కావాలి.

తల ఎత్తుతుంది.

చీకట్లో... మూడు పచ్చచుక్కలు!

గాలిలో నిలబడ్డాయి. వెనక రెండు, ముందొకటి. షట్టర్ వైపు చూస్తున్నాయి. ఆమెను ఏ దారిన రమ్మన్నాడో సరిగ్గా ఆ దారి వైపు.

మిల్లు యజమాని ఇంటి అల్లుడు జగదీశ్. ఈ మిల్లులో ఆయనకు తెలిసినవి పెద్ద తలుపులే. ఊక కంత గురించి ఆ ఇంట్లో ఎవరు చెబుతారు?

వెనక నుంచి కాల్చేయవచ్చు.

వేలు బిగుసుకోదు. ఈ చేతికి పట్టు నేర్పింది ఆయనే.

గోపి శ్వాస పలచబడుతోంది. ఇంక ఆగితే సాక్ష్యం ఉండదు. మనిషీ ఉండడు.

"సార్."

చుక్కలు ఉలిక్కిపడతాయి.

"కృపా? నువ్వు... యాడికెంచి వచ్చినవ్?"

"మా అమ్మ వచ్చే తోవల."

చుక్కలు ఇంకా షట్టర్ వైపే ఉన్నాయి.

"పిస్టల్ కింద పెట్టుండ్రి సార్."

"పిచ్చిదానా! వాడు నన్ను కాల్చబోయిండు."

"వాని కాడ తుపాకే లేదు."

చిన్న నవ్వు. రేంజ్‌లో నవ్విన నవ్వే.

"నీ చుక్క కనబడ్తలేదు కదా బిడ్డా?"

ఆ మాట బుల్లెట్ కంటే ముందే తగులుతుంది. అంటే... ఆ రోజే! ఎండలో, భుజం తట్టిన ఆ రోజే ఈ చీకటి లెక్క వేసుకున్నాడు!

"నాది కనబడ్తలేదు సార్," అంటుంది. "మీవి కనబడుతున్నయ్. మూడూ."

చుక్కలు మాయం!

వెనకున్నవాళ్ళకే కనబడే చుక్కలు... కనబడడం లేదంటే...

తిరిగాడు!

ఢాం!

గుండు చెవి పక్కనుంచి దూసుకుపోతుంది. పేలిన మంటకు మిల్లు మొత్తం ఒక్క రెప్పపాటు తెల్లబడుతుంది.

ఆ రెప్పపాటులో ఆమె పిస్టల్ కొసన ఎర్రచుక్క భగ్గుమంటుంది.

ఎంత వెలుతురు పోస్తే అంత తాగుతది... ఆయనే చెప్పాడు.

చుక్క వెనక ఆయన ఛాతీ.

ఊపిరి బిగబట్టు. వేలు మెల్లగా నొక్కు... అదీ ఆయనే నేర్పాడు.

ఢాం!