ముందు వరుసలో అమ్మ

పొద్దున్న ఆరున్నరకి అక్క వంటింట్లో కాగితాలు పీకుతోంది. పొయ్యి పక్క గోడ మీద "వండాక పొయ్యి ఆపు", ఉప్పు డబ్బా మీద "ఉప్పు", పక్క డబ్బా మీద "ఇది పంచదార, ఉప్పు కాదు", వీధి తలుపు లోపలి వైపు "తలుపు తియ్యకు, నేను ఆరింటికి వచ్చేస్తాను". అన్నీ ఆమె చేతి రాతే. కొన్ని జిగురు పట్టుకుని సగం చిరిగి సగం గోడకే ఉండిపోతే గోళ్ళతో గీకింది. ఏడింటికి తమ్ముడు కారు తీసుకుని వస్తాడు. వాడి కంట ఒక్క ముక్క కూడా పడకూడదు.

ఆమెను అందరూ అక్క అనే పిలుస్తారు. తమ్ముడి సంగతి సరే, ఆమె పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణం యజమాని కూడా, తనకన్నా పదేళ్ళు పెద్దవాడై ఉండి, అక్కా అనే అంటాడు. ఇంట్లో ఉండేది ఆమె, అమ్మ, ఇద్దరే. అమ్మ ముప్పై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. ఒకప్పుడు ఊళ్ళో సగం ఇళ్ళ నంబర్లు ఆవిడకు నోటికి వచ్చేవి. గడిచిన రెండేళ్ళుగా మనుషుల మొహాలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. అయినా లేవగానే హాల్లో ఉన్న పాత ల్యాండ్‌లైను రిసీవరు ఎత్తి, చెవికి ఆనించుకుని, "లైను బాగానే ఉంది" అని పెట్టెయ్యడం మాత్రం ఒక్కరోజూ మరిచిపోలేదు.

డాక్టరు ఆ జబ్బు పేరు చెప్పిన రోజు, తిరిగొచ్చే బస్సులో అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "తమ్ముడికి చెప్పకే. వాడు నన్ను జాలిగా చూస్తే నేను తట్టుకోలేను" అంది. అక్క మాటిచ్చింది. నిజం చెప్పాలంటే ఆ మాట ఇవ్వడం ఆమెకీ కలిసొచ్చింది. తెలిస్తే వాడు అమ్మను ఏ వృద్ధుల హోములోనో చేర్పిద్దామంటాడని ఆమె బెంగ. వాడు ఎన్నడూ అలా అన్న పాపాన పోలేదు. అయినా భయం వేళ్ళూనుకోవడానికి అంతకంటే ఆధారం అక్కర్లేదు కదా.

ఇప్పుడీ ప్రయాణం పిన్ని కోసం. అమ్మకు ఉన్న ఒక్క చెల్లెలు. ఎల్లుండి ఆమెకు గుండె ఆపరేషను. కత్తి పడేలోగా అక్కయ్యను ఒక్కసారి చూడాలని కబురు పెట్టింది. అక్కకు ఉన్న తొందర ఇంకొకటి. అమ్మ ఇంకా చెల్లెల్ని గుర్తుపడుతోంది. ఇంకో నెల ఆగితే ఆ మాట చెప్పలేం.

తమ్ముడు ఏడింటికి ముందే వచ్చాడు. వాడు టికెట్ల ఆఫీసులో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నాడు. చుట్టాల్లో ఎవరు విమానం ఎక్కాలన్నా వాడికి ఫోన్ చెయ్యాల్సిందే, వాడి ఉపన్యాసం వినాల్సిందే. అందుకే చాటుగా టిప్పులయ్య అంటారు. ఆ పేరు తనకు తెలిసినా వాడు నొచ్చుకోలేదు, కాస్త గర్వపడ్డాడు కూడా.

కారులో ఉపన్యాసం మొదలైంది. రెండు విమానాలు మారాల్సి వస్తే రెండూ ఒకే బుకింగులో ఉండాలట. మొదటిది ఆలస్యమైతే తర్వాతి దాంట్లో ఎక్కించే పూచీ అప్పుడు వాళ్ళదేనట. విడివిడిగా కొన్నావో, నీ ఖర్మ నీది. మధ్యలో కనీసం గంటన్నర ఉండాలి. ముందు సీటుకు మార్చమని కౌంటరు దగ్గర దేబిరించకూడదు, ముందురోజే అడిగిపెట్టుకోవాలి, పొద్దున్నే వెళ్ళి మర్యాదగా గుర్తుచెయ్యాలి. వెనకాల సీట్లు నిండిపోతే వాళ్ళే ఒకరిద్దరిని ముందుకు జరుపుతారు.

"అన్నిటికన్నా ముఖ్యం, కలిసి వెళ్ళేవాళ్ళు ఒకే బుకింగులో ఉండాలి. లేకపోతే వాళ్ళ కంప్యూటరుకి తల్లీ కూతుళ్ళయినా ముక్కూమొహం తెలియనివాళ్ళే. నువ్వు ఫోన్ చేసి రెండూ కలిపించావుగా అక్కా?"

"ఆఁ" అంది అక్క, కిటికీలోంచి బయటికి చూస్తూ.

కలిపించలేదు. అమ్మ టికెట్టు తమ్ముడు తన దగ్గర పోగైన విమాన పాయింట్లతో ముందే తీశాడు. తనకు దుకాణంలో సెలవు ఆలస్యంగా దొరికింది, తన టికెట్టు తనే కొనుక్కుంది. కలపమని ఫోన్ చేసిన మాట నిజమే. అవతలి అమ్మాయి అన్నీ రాసుకుని, పెద్దావిడకు ఆరోగ్య సమస్యలేమైనా ఉన్నాయా, ఎవరైనా తోడుండి చూసుకోవాలా అని అడిగింది. ఆ ప్రశ్న రాగానే అక్క మళ్ళీ చేస్తానని పెట్టేసింది. మళ్ళీ చెయ్యలేదు.

విమానాశ్రయంలో కౌంటరు అమ్మాయి అమ్మ టికెట్టు చూసి నవ్వింది. మొదటి విమానంలో పెద్దావిడకు బిజినెస్ క్లాసు ఇచ్చామని చెప్పింది. ఆఫీసు పాసుతో కౌంటరుదాకా వచ్చిన తమ్ముడి మొహం చాటంత అయింది. తనే ఏర్పాటు చేసి నెల రోజులుగా కడుపులో దాచుకున్న సంగతి అది. ముందు ఉన్నది ఒక్కటే సీటు, అక్క ముప్పై ఒకటో వరుసలో ఉంది.

"జీవితమంతా చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని స్టూలు మీద కూర్చుంది. రెండు గంటలు కాళ్ళు చాపుకుని పడుకోనీ" అన్నాడు తమ్ముడు.

అక్క కౌంటరు అమ్మాయి వైపు తిరిగింది. చెప్పాలి. ఇక్కడే, ఇప్పుడే చెప్పాలి. ఈవిడను ఒంటరిగా కూర్చోబెట్టకూడదమ్మా అన్న ఒక్క ముక్క చాలు. తమ్ముడు పక్కనే నిలబడి ఉన్నాడు, అమ్మ వాడి చెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా మురిసిపోతోంది. రెండు గంటలే కదా, ఎగిరే విమానంలోంచి ఎక్కడికి పోతుందిలే అని తనకు తనే సర్దిచెప్పుకుంది. తమ్ముడు ఇంటి తాళం అడిగి తీసుకున్నాడు. వంటింటి సింకు కుళాయి కారుతోందట, తనుండి మనిషి చేత బాగుచేయిస్తాడట.

విమానంలో ఆ రెండు గంటలూ ఆమె ముందు వైపే చూస్తూ కూర్చుంది. ముందుకీ వెనక్కీ మధ్య ఒక తెర. ఒకసారి లేచి అక్కడిదాకా వెళ్ళింది. అటు వెళ్ళకూడదని చెప్పిన ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి మాత్రం మంచిదే, తనే తొంగిచూసి వచ్చి మీ అమ్మగారు హాయిగా నిద్రపోతున్నారంది. అప్పుడైనా చెప్పొచ్చు. ఆ అమ్మాయి నిలబడే ఉంది కూడా. అక్క థాంక్స్ చెప్పి వెనక్కి వచ్చేసింది. మాటివ్వడం వేరు, పంటి బిగువున దాచడం అలవాటైపోవడం వేరు. తనకు అలవాటైపోయిందని ఆమెకు అక్కడ తెలిసింది.

విమానం దిగాక ముందు వరుసల వాళ్ళను చిన్న వ్యానులో పంపేశారు. మిగతావాళ్ళు బస్సు కోసం ఎండలో నిలబడ్డారు. అక్క లోపలికి చేరేసరికి పావుగంట పైనే పట్టింది. జనం అన్ని వైపులకూ పోతున్నారు. అమ్మ కప్పుకున్న మాసిన నీలం శాలువా ఎక్కడా కనపడలేదు.

అమ్మ మొబైలుకు ఫోన్ చేసింది. ఫోను తన భుజాన ఉన్న సంచిలోనే మోగింది. తనిఖీ దగ్గర అమ్మ చేతిసంచి తనకిచ్చి పట్టుకోమంది. అందులోనే అమ్మ ఫోనూ, తన పేరూ నంబరూ రాసిపెట్టిన కాగితమూ ఉన్నాయి. అమ్మ దగ్గర ఇప్పుడు చేతిలోని టికెట్టు తప్ప ఏమీ లేదు. ఎవరైనా నీ పేరేంటమ్మా అని అడిగితే పెళ్ళికి ముందు పేరు చెబుతుంది. ఎక్కడికి వెళ్ళాలి అంటే డ్యూటీకి అంటుంది. అక్క ఆడవాళ్ళ బాత్‌రూములు వెతికింది, కుర్చీల వరుసలు వెతికింది, ఒక ముసలావిడను వెనకనుంచి చూసి అమ్మా అని భుజం పట్టుకుని క్షమాపణ చెప్పింది. బయటికి పోయే గాజు తలుపులు వాటంతట అవే తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. అవతల రోడ్డు మీద కార్లు ఆగకుండా పోతున్నాయి. రెండో విమానానికి ఇంకా యాభై నిమిషాలుంది.

తమ్ముడికి ఫోన్ చేసింది. "అమ్మ కనపడటం లేదురా" అంది. ఆ తర్వాత ఆగకుండా అంతా చెప్పేసింది. డాక్టరు చెప్పిన పేరు, రెండేళ్ళు, అమ్మకిచ్చిన మాట, కలిపించని టికెట్లు. తనను తిడతాడని ఎదురుచూసింది. వాడు తిట్టలేదు.

"సింకు కింద తలుపు తీశాను అక్కా" అన్నాడు. "లోపల నువ్వు రాసిన కాగితం ఉంది. అమ్మా, ఇది బీరువా కాదు, బట్టలు ఇక్కడ పెట్టకు అని. అరగంట నుంచి దాన్నే చూస్తూ కూర్చున్నాను."

వింటూనే ఆమె గాజు తలుపుల వైపు నడిచింది.

"అయినా నాకెందుకు చెప్పలేదు? తెలిసుంటే ఆవిణ్ణి ఒక్కదాన్నీ ముందు కూర్చోబెడతానా? నా చేతులతో నేనే పంపించానక్కా. నీ కళ్ళకు నేను అంత పరాయివాణ్ణయ్యానా?"

"ఎక్కడో వదిలేద్దామంటావని భయపడ్డాన్రా."

"అమ్మనా?" అన్నాడు వాడు. ఆ ఒక్క మాటకు ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ఏడవడానికి అదను కాదని వాడికి ముందు తట్టింది. ఉద్యోగపు గొంతుతో గబగబా చెప్పాడు. ముందు తరగతి వాళ్ళను వ్యానులోంచి నేరుగా లాంజికి తీసుకెళ్తారు, అది వాళ్ళు విశ్రాంతిగా కూర్చునే గది, మేడమీద ఉంటుంది. నీ టికెట్టుకు అక్కడికి రానివ్వరు, అయినా వెళ్ళు, తలుపు దగ్గరున్న మనిషికి ఉన్నది ఉన్నట్టు చెప్పు. అంతలో వాడి గొంతు ఆగింది. వెనకాల ఎక్కడో పాత గంట గణగణా మోగుతోంది.

"ఉండు. ల్యాండ్‌లైను."

ఆ నంబరుకు ఫోన్ చేసేవాళ్ళు లోకంలో ఎవరూ మిగల్లేదు. మూడుసార్లు మోగి ఆగింది. అక్క మొబైలు చెవికి నొక్కుకుని మెట్లెక్కుతోంది. దూరంగా తమ్ముడు మాట్లాడటం వినిపించింది, "అమ్మా? అమ్మా, నేనే" అని. తర్వాత వాడు మొబైల్లోకి వచ్చి, లాంజిలోనే ఉందట, అక్కడి అమ్మాయి చెప్పింది, పరిగెత్తు అన్నాడు.

తలుపు దగ్గరి కుర్రదానికి ఆమె ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆ పిల్ల లేచి నిలబడి ఉంది. బల్ల వెనక ఆ పిల్ల కుర్చీలో అమ్మ కూర్చుని ఉంది, వీపు నిటారుగా, బల్ల మీది ఫోను దగ్గరకు లాక్కుని, రిసీవరు ఎడమ చెవికి ఆనించుకుని. వచ్చిన దగ్గర్నుంచి తన డ్యూటీ టైమైందని అంటున్నారనీ, ఫోను ఇవ్వగానే ఊరి కోడుతో సహా ఏదో నంబరు గడగడా నొక్కేశారనీ ఆ పిల్ల ఆశ్చర్యపోతూ చెప్పింది.

అమ్మ తల ఎత్తి అక్కను చూసింది. గుర్తుపట్టలేదు. ఎక్స్‌ఛేంజిలో వేలమందితో మాట్లాడిన ఆ మెత్తని గొంతుతో, "మీకు లైను కలిసిందమ్మా. మాట్లాడండి" అని రిసీవరు ఆమె చేతికిచ్చింది.

అవతల తమ్ముడు ఏడుస్తున్నాడు. ఇన్నాళ్ళూ ఒక్కదానివే ఎలా లాక్కొచ్చావు అంటున్నాడు. ఇకమీదట శని, ఆదివారాలు నావి, నువ్వు అడ్డుచెప్పకు అంటున్నాడు. అక్క సరేరా అంది. అమ్మ పక్కనుంచి లైను సరిగా వినిపిస్తోందా అని రెండుసార్లు అడిగింది.

రెండో విమానం గేటు దగ్గర కౌంటరు మనిషి అమ్మ టికెట్టు తిరగేసి, ముందు ఒక సీటు ఖాళీ ఉంది, పెద్దావిడకు ఇమ్మంటారా అని ఎంతో మర్యాదగా అడిగాడు. అక్క అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దండి. మా అమ్మకు మతిమరుపు జబ్బు. ఒంటరిగా ఉండలేదు. ఎంత వెనకైనా సరే, నా పక్క సీటు ఇవ్వండి. రెండు టికెట్లూ ఒక్కచోట కలపండి."

ఫోనులో తమ్ముడికి చెప్పడం వేరు, ఎదురుగా ఉన్న మనిషి ముందు ఆ జబ్బు పేరు ఆమె పైకి అనడం అదే మొదటిసారి. అనేశాక తిరిగి అమ్మ వైపు చూడటానికి భయపడింది. ఆవిడ దాచమన్న సంగతి బయటపెట్టింది, అదీ ఆవిడ ఎదురుగానే. అమ్మ మెల్లిగా అక్క వైపు తిరిగి, ఆమె చెదిరిన జుట్టు చెవి వెనక్కి సర్దింది. చిన్నప్పుడు బడికి పంపే ముందు సర్దినట్టే.

"చెప్పేశావా" అంది. "మంచి పని చేశావే పెద్దదానా. నాకూ భయంగానే ఉంది."

ఇరవై తొమ్మిదో వరుసలో ఇద్దరికీ సీట్లు దొరికాయి. అమ్మ కిటికీ వైపు కూర్చుంది. ఎక్కడికి వెళ్తున్నామని అడిగింది. పిన్ని దగ్గరికి, అంది అక్క. రెండు నిమిషాలాగి అమ్మ మళ్ళీ అడిగింది. అక్క మళ్ళీ చెప్పింది, ఆవిడ చెయ్యి వదలకుండా.