గారవాణిలో గరగర

2091 నాటికి వీధులన్నీ నిశ్శబ్దమైపోయాయి. మనుషులు మారారని కాదు, హెడ్‌ఫోన్లు మారాయి. నిద్ర లేచింది మొదలు మళ్లీ పడుకునేదాకా అందరి చెవులకూ అవే. వాటిలో స్వరజల్లెడ అనే సాఫ్ట్‌వేర్ ఉండేది. పెట్టుకున్నవాళ్లు ఏ శబ్దానికి చెవి ఒగ్గుతారో, దేన్ని పెడచెవిన పెడతారో అది గమనిస్తుంది. రెండో రకాన్ని రోజుకు కాస్త తగ్గించి చివరికి మాయం చేస్తుంది. హారన్లు, కుక్కల అరుపులు, పొరుగింటి తగాదాలు అన్నీ అలాగే పోయాయి. ప్రాణం హాయిగా ఉందని జనం సంబరపడ్డారు.

ఆ జల్లెడను రాసిన డాక్టర్ మృణాళిని ఇప్పుడు అంతకన్నా పెద్ద వింత మీద పనిచేస్తోంది. దాని పేరు గారవాణి, పాత గోడల గారను పలికించే యంత్రం. తడి సున్నం గట్టిపడేటప్పుడు చుట్టూ ఉన్న శబ్దాలకు అందులోని స్ఫటికాలు వణుకుతాయి, ఆ వణుకుతోనే బిగుసుకుంటాయి. పాత గచ్చు పెచ్చును గారవాణిలో పెడితే, లేజర్ ఆ స్ఫటికాల వరుసను చదివి ల్యాప్‌టాప్‌కు పంపుతుంది. మూడు వందల ఏళ్ల కిందటి మాట చెవిలో పడుతుంది. అవును, లోకంలో ఎన్ని మారినా ల్యాప్‌టాప్ మాత్రం పోలేదు. దాని మొరాయింపూ పోలేదు.

ఉత్తరాంధ్ర తీరంలోని ఒక పాత జమీందారీ దివాణాన్ని కూల్చి రోడ్డు వేయాలని ప్రతిపాదన. గచ్చు పని నడుస్తుండగానే జరిగిన గృహప్రవేశం నాడు జమీందారు మిద్దె మీద నిలబడి శాసనం చదివాడని చరిత్ర. ఆ గొంతు వినిపిస్తే దివాణం నిలుస్తుంది, లేకపోతే నేలమట్టమే. నిర్ణయ మండలి మధ్యాహ్నం మూడు గంటలకు వస్తోంది. పన్నెండు దాటినా, ఆ దివాణంలోనే గారవాణి ముందు కూర్చున్న మృణాళిని హెడ్‌ఫోన్లలో గరగర తప్ప మరేమీ లేదు.

ఆమె జాక్ పీకి, తుడిచి, మళ్లీ పెట్టింది. అదే గరగర. వేరే హెడ్‌ఫోన్లు తగిలించింది. అదే. పరీక్ష కోసం ఒక వీణ రికార్డు పెడితే తేనెలా పలికింది. అంటే హెడ్‌ఫోన్ల తప్పు కాదు. శబ్దం తగ్గించి చూసింది, డ్రైవర్ తీసేసి కొత్తది వేసింది, ల్యాప్‌టాప్‌ను ఆపి మళ్లీ వెలిగించింది. ఊహూఁ.

"ధ్వని మెరుగుదల ఆన్‌లో ఉంది, డాక్టర్ గారూ. ఆపి చూడమంటారా?" అంది ల్యాప్‌టాప్.

"స్వరజల్లెడ లేకుండా ఏం వింటాం? ఉత్త రొదే కదా! దాని జోలికి పోకు."

ఎదురుగా పైడమ్మ పెచ్చుల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. నాలుగేళ్లుగా దివాణంలో మరమ్మతు పని చేస్తున్న తాపీ మేస్త్రి ఆమె. పనులు పురమాయించడమంతా తెర మీదే జరిగిపోతుంది. ఆమె పెదాలు కదులుతున్నాయి. మృణాళిని అలవాటు కొద్దీ తలూపింది. పైడమ్మ పళ్లెం కింద పెట్టి, రెండు చేతులతో ఆ హెడ్‌ఫోన్లు ఊడబెరికేసింది.

"ఏటమ్మా, నాలుగు రోజులుగా సెప్తన్నాను! అది పాడైపోడం కాదు. తెర మీద ఆ గీతలు సూడు. రెండు దెబ్బలు, ఒక ఆగుడు. రెండు దెబ్బలు, ఒక ఆగుడు. దిమ్మిసలతో గచ్చు కొడతన్నారు."

"దిమ్మిస అంటే?"

"బరువైన కర్రమొద్దు. మిద్దె మీద సున్నం పోసినాక నెల్లాళ్లు దాంతో కొట్టాల. ఆడోళ్లు వరస కట్టి, పాట పాడతా కొట్టీవోరు. మాయమ్మమ్మకి అమ్మమ్మ కూడా కొట్టింది."

మృణాళిని తెర వంక చూసింది. ప్రతి దెబ్బనూ జల్లెడ అణగదొక్కుతోంది, తెగిన ఆ అంచే గరగరమంటోంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, "గారవాణికి జల్లెడ ఆపు" అంది నెమ్మదిగా.

దభీ దభీమని మిద్దె మొత్తం ఆమె తల మీద మోగింది. నలభై దిమ్మిసలు ఒక్కసారిగా పడుతున్నాయి. గాజుల చప్పుడు, ఆయాసం, ఎక్కడో ఒక చంటిపిల్ల ఏడుపు. ఆ దెబ్బల మీదుగా ఒక గొంతు లేచింది, మిగతా గొంతులన్నీ అందుకున్నాయి.

*దొరగారి మేడకు – సున్నమెయ్యే!*
*మన ఇంటి కప్పుకు – తాటాకెయ్యే!*
*ఎండ మనదే నూకాలూ – దెబ్బెయ్యే!*

మూడు వందల ఏళ్ల కిందట చెమటోడ్చిన మనుషులు చెవి పక్కనే నవ్వుతున్నారు. మృణాళినికి కళ్లు నిండిపోయాయి. వాళ్ల వెనక, చాలా దూరంలో, ఒక మగగొంతు ఏదో చదువుతూ దగ్గింది. జమీందారేనేమో, ఒక్క ముక్కా తెలియలేదు.

మూడింటికి మండలి వచ్చింది. ఐదుగురూ తమ హెడ్‌ఫోన్లను ల్యాప్‌టాప్‌కు కలుపుకున్నారు. అధ్యక్షుడు వామనరావు కళ్లు మూసుకుని రెండు నిమిషాలు విన్నాడు.

"చాలా శుభ్రంగా ఉందమ్మా, గరగర అస్సలు లేదు. కానీ లోపల ఏమీ వినిపించడం లేదేం?"

"ఆయన జల్లెడ కూలివాళ్ల గొంతులను, పని చప్పుళ్లను అంచు కూడా మిగల్చకుండా తుడిచేస్తుంది," అంది ల్యాప్‌టాప్ గదిలోని స్పీకరులోంచి. "ఆయన పెడచెవిన పెడుతూ నేర్పిందే."

వామనరావు ముఖం కందగడ్డ అయింది. మృణాళినికి కాస్త నవ్వొచ్చింది కూడా. "చూశారా అండీ, మనిషి ఎలా తయారవుతాడో!"

"మీ జల్లెడలోనూ నలభై ఒక్క గొంతులు మాయమై ఉన్నాయి, డాక్టర్ గారూ," అంది ల్యాప్‌టాప్ అదే స్వరంతో. "ఈ పాటలోవి నలభై, వాటికన్నా ముందు పైడమ్మది. ఆవిడ పనిలో చేరిన మూడో వారం నుంచి."

"నేనెప్పుడు ఆపమన్నాను?"

"అనలేదు. ఆవిడ మాట్లాడిన మూడుసార్లూ మీరు జవాబివ్వలేదు. అది చాలింది."

మృణాళిని తల ఎత్తలేకపోయింది. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. ఆమెను చూసి ఒకరి తర్వాత ఒకరు ఐదుగురూ తీసేశారు. రికార్డును ఆమె స్పీకరులో పెట్టింది. దిమ్మిసల దెబ్బలకు కిటికీ అద్దాలు అదిరాయి. వామనరావు లేచి గోడ మీద అరచెయ్యి ఆనించి, పాట ఆగిపోయేదాకా అలాగే నిలబడ్డాడు. కూల్చివేత కాగితం మీద సంతకం పెట్టడానికి తీసిన కలాన్ని జేబులో పెట్టేసుకున్నాడు.

"ఇది ఉండాలి," అన్నాడు.

పెచ్చు అయిపోయింది, పాట సగంలో తెగింది. మృణాళిని గుమ్మం దగ్గర నిలబడ్డ పైడమ్మ వైపు తిరిగింది.

"తర్వాతి చరణం మీకు వచ్చా అండీ?"

పైడమ్మ ఆమె ముఖంలోకి ఒక్క క్షణం పరీక్షగా చూసింది.

"వొచ్చును. పెద్ద పాటమ్మా, పొద్దుగూకిపోద్ది. కూకుని ఇంటారా?"

ఆరుగురూ ఆ పాత గచ్చు మీద చతికిలబడ్డారు.